చెయ్యి చాపినంత దూరం

జూన్ ఆఖరు వారం. నైరోబీలో చలి.
వెస్ట్‌లాండ్స్‌లో ఎనిమిదో అంతస్తున
నఫూలా బరాసా మూడోసారి టీ వేడి చేసుకుంది.
తెర మీద నూట నలభై ఏడు పేజీలు.
'నష్టభయం ఎవరిది' అన్న గడి మాత్రం
ఇంకా తెల్లగానే ఉంది.

నియమం పైకి చిన్న మాటే.
అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ఇంటివాళ్ళైనా
ముక్కూ మొహం ఎరగనట్టు బేరమాడాలి.
ఇద్దరి మధ్యా
చెయ్యి చాపినంత దూరం ఉండాలి.
ఉంటే చాలదు, ఉందని కాగితం చెప్పాలి,
అధికారి అడిగాక వెతుక్కోవడం కాదు,
అడక్కముందే రాసిపెట్టి ఉండాలి.

నైవాషా సరస్సు ఒడ్డున గులాబీ తోట.
కాడ పదమూడు సెంట్లకి
ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న తన అక్క కంపెనీకే అమ్ముతుంది.
అక్క దాన్ని మర్నాడు నలభైకి అమ్ముకుంటుంది.
మధ్యలో పువ్వు చేసిందేమీ లేదు,
విమానం కడుపులో చల్లగా నిద్రపోయింది.
ఆ నిద్ర ఖరీదు ఇరవై ఏడు సెంట్లు.
ఎందుకంత అన్నది కథలా అల్లడం
నఫూలా ఉద్యోగం.

పోలికకి పదకొండు కంపెనీలు దొరికాయి.
ఒకటి పోలండ్‌లో పుట్టగొడుగులు పెంచుతుంది,
ఒకటి స్పెయిన్‌లో ఉల్లి నారు.
గులాబీకి వీళ్ళు
వేలు విడిచిన చుట్టాలైనా కారు.
కాకపోవడమే వాళ్ళ అర్హత.

పోయిన నెల తోటకి వెళ్ళింది,
ఎవరేం పని చేస్తారో అడిగి రాసుకోవడానికి.
మేనేజరు రోటిచ్ ఒప్పందం చూపించాడు:
నష్టమొస్తే అక్కదే, నాలుగో క్లాజు.
సంతకాలు రెండు, పెన్ను ఒకటే.

షెడ్డులో మొరా కాడలు కొలుస్తోంది.
గాట్లు పెట్టిన చెక్క పక్కనే ఉంది, చూడదు.
మోచేతి నుంచి నడివేలి కొస దాకా
పువ్వుని ఆనించి, టక్కున వేరు చేస్తుంది.
తెలుగులో దీన్ని మూర అంటారు,
పూలని కొలిచేదీ దానితోనే.
ఆమె పేరుకీ ఆ కొలతకీ
అచ్చులు కాస్త అటూ ఇటూ, అంతే తేడా.

"నష్టమొస్తే ఎవరిది?"
ఊరికే అడిగింది నఫూలా, పట్టికలో లేని ప్రశ్న.

మొరా నవ్వి కత్తెర కింద పెట్టింది.
"ఫిబ్రవరిలో విమానం రాలేదు.
పదకొండు వేల కట్టలు ఎరువు గోతిలో పోశాం.
నేనే తొక్కాను, బూట్ల నిండా ఎరుపు.
ఆరు వారాలు రావద్దన్నారు.
ఉగాలీ పిండిని గంజి కాచుకుని తాగాం.
మీరు నష్టం అంటున్నది అదేనా,
ఇంకేదన్నానా?"

ఆ మాటలు
నూట ముప్పై ఒకటో పేజీలో దిగాయి.
నిన్న గిచూహీ ఎర్ర గీత పెట్టాడు.
మంచివాడే, అలిసిపోయాడు,
ముప్పయ్యో తారీఖు నెత్తి మీద ఉంది.
పక్కన రాశాడు: 'సంబంధం లేదు. తీసెయ్.'

నఫూలా ఆ రెండు మాటలనే
చాలాసేపు చూసింది.
నూట నలభై ఏడు పేజీలూ వెతికేది దేన్ని?
సంబంధం లేని మనిషినే కదా.
ఎవరి అక్కా చెల్లీ కాకుండా
బేరం బల్లకి ఎడంగా నిలబడ్డ మనిషి
ఈ ఫైలు మొత్తానికీ ఒక్కతే ఉంది,
ఆమెకి ధర అడిగే గడి లేదు.

కింద వాచ్‌మన్ గేటు మూస్తున్న చప్పుడు.
ఖాళీ గడిలో 'అక్క కంపెనీ' అని కొట్టింది.
నాలుగో క్లాజు అదే చెబుతోంది మరి,
ఆమె జీతమూ అదే చెబుతోంది.

మొరా మాటల్ని తీసెయ్యలేదు.
పేజీ అడుక్కి జరిపి,
అక్షరాలు చిన్నవి చేసి,
పక్కన పంతొమ్మిది అని అంకె వేసింది.

చదివేవాడికి కళ్ళద్దాలు కావాలి.
చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుంటే
కనిపించదు.