రెండువేల నాలుగు, జనవరి ఒకటి

శుక్రారం. జుమ్మా నమాజు అయి
రువీ గల్లీల చెప్పుల సప్పుడు సల్లారినంక
రూమ్ నడుమ పాత దుప్పటి పరిచిన.
దాని మీద కంప్యూటర్ డబ్బను పండవెట్టిన,
యాటను కోసేముందు పండవెట్టినట్టు.

ఫిలిప్పోసు సారు కొట్టాయం వాపసు పోతా
పన్నెండు రియాళ్ళకు ఇచ్చిపోయిండు.
మానిటర్ మీద కుచ్చుల గుడ్డ సుత ఉండె,
దాన్ని ఒడ్డెన్న తువ్వాల జేసుకున్నడు.

రోగం ఏందంటే,
నొక్కితే మూడు కూతలు కూస్తది, తెర నల్లగనే ఉంటది.
మనసు వట్టి లేచిన నాడు పావుగంటకే ఆరిపోతది.
ఇంకోటి. ఎప్పుడు లేచినా
ఒక్కటే తారీకు సూపెడ్తది:
రెండువేల నాలుగు, జనవరి ఒకటి.

నేను ఏసీ మెకానిక్‌ను.
స్క్రూలు ఇప్పంగనే సమజయింది,
ఎడారి వచ్చి లోపల కాపురం పెట్టింది.
ఫ్యాన్ రెక్కలకు బొంత లెక్క దుమ్ము,
అండ్ల ఎవలిదో పొడుగు ఎంటిక,
సగం బొద్దింక,
ఇంకా పోని లోబాన్ వాసన.

కంపెనీ బ్లోయర్ సంచిల దాచి తెచ్చిన.
మెట్ల కాడికి మోస్కపోయి ఊదిన.
పై అంతస్తు మిస్రీ ఆయన తుమ్ముకుంట తిట్టిండు.
సగమే సమజయింది, ఆ సగం సాలు.

ర్యామ్ పట్టీ ఊడబీకి
పిలగాండ్ల రబ్బరుతోని దాని బంగారు పండ్లు తోమిన.
"ఇదేం కంసాలి పని రా" అన్నడు రాజలింగు.
ప్రాసెసర్ మీది పేస్టు ఎండి సున్నమయింది.
గీకి, కొత్తది అలసంద గింజంత పెట్టిన.

మూత పెట్టకుంటనే నొక్కిన.
ఒక్కటే కూత.
ఆరుగురం ఒక్కపారే ఊపిరి ఇడిసినం.

డిస్కు నిండా ఎర్ర గీత.
ఫిలిప్పోసు సారు బైబిల్ పాటలు, ఎవలు పెట్టిన్రో తెల్వని గేములు,
ఎన్నడూ నొక్కని బొమ్మలు, అన్నీ ఊడ్సి పారేసిన.
ఆయన బిడ్డ రీతు గీసిన పెయింటు బొమ్మ కాడ చెయ్యి ఆగింది.
ఇల్లు, ఇంటి కిటికీకి ఏసీ,
ఏసీ కింద మూడు నీలి సుక్కలు.
డ్రెయిన్ పైపు జామయింది బిడ్డా, అనుకున్న.
దాన్ని ఉండనిచ్చిన.

ఆఖరుకు మా ఫైళ్ళు.
ఎనిమిది నెలలవి, నెలకొకటి,
ఎవలు ఎన్ని గంటలు ఎక్కువ జేసిండో
రాత్రి రాత్రి కూసోని కొట్టినయి.
మొన్న పెన్‌డ్రైవ్‌ల తీస్కపోతే
ఆఫీసుల మసూద్ సాబ్ తారీకు మీద ఏలు వెట్టి నవ్విండు.
"ఓవర్‌టైం అంతా ఒక్కరోజే జేసిన్రా,
కంపెనీ పుట్టకముందే?"

రెండువేల నాలుగు జనవరిల
రాజలింగు జగిత్యాల బస్టాండుల అరటిపండ్లు అమ్ముతుండె.
గంగరాజం నాలుగో తరగతి.
నా పాస్‌పోర్టు ఇంకా నా దగ్గర సుత లేదు,
పుట్టనే లేదు.
ఆ ఒక్క దినం మీద
మా మూడువేల గంటలు పడి ఉన్నయి.

బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ.
గోరుతోని లేపితే టక్కున ఎగిరింది.
కింది దుకాణంల మూడువందల బైసలకు కొత్తది.
ఏసి, తారీకు దిద్ది, తీగ పీకి మళ్ళ పెట్టిన.
నిలవడ్డది.

పాత ఫైళ్ళ తారీకులు మారయి.
మార్చొచ్చట, గంగరాజం అన్నడు, ఏదో ఉపాయం ఉన్నదట.
ఒడ్డెన్న వద్దన్నడు.
"అబద్ధం మనది కాదు, బ్యాటరీది. ఉండనియ్."

ఫ్యాన్ మెత్తగ తిరుగుతాంది.
కొత్త ఫైలు తెరిచిన.
"ఇయ్యాల్టియి చెప్పున్రి" అన్న.
"ఇయ్యాల శుక్రారం గద" అన్నడు రాజలింగు, "సున్న."
ఆరు పేర్ల ముందు ఆరు సున్నలు కొట్టి
సేవ్ జేసిన.
మొదటిపారి తారీకు సక్కగ పడ్డది.