ఉట్టిగనే

బామ్ని దాటినంక మొదటి మనిషి అడిగిండు
"ఎవలు పోయిండ్రు?" అని.
పొద్దుగాల, మంచి బట్టల్ల, మొగడూ పెండ్లాం బండ్లె పోతున్నరంటే
చావు. కాకపోతే పెండ్లి.
అదీ కాకపోతే చాందా దవాఖాన.
"ఎవలూ పోలె, ఉట్టిగనే" అన్నడు ఓదెలు.
ఆయన మమ్ముల జాలిగ చూసి
మేకల్ని పక్కకు తోలుకున్నడు.

బండి బడిపిల్లలది. ఇయ్యాల సెలవు.
సీట్ల సందుల సగం కొరికిన పెన్సిలు,
ఒంటి చెప్పు,
ఎవరి డబ్బాలకెల్లో కారిన చింతకాయ తొక్కు వాసన.
ఇరవై రెండేండ్లు పది కిలోమీటర్లు పోయిండు,
పది కిలోమీటర్లు వచ్చిండు.
అన్నీ కలిపితే ఏ సముద్రం కాడికో తేలేటోడు.
జిమలగట్ట అవతల ఏముందో మాత్రం చూడలె.

"ఏం రాసుంది?" అంటడు
రాయి కనవడ్డప్పుడల్లా.
నది అవతలోడు. చెన్నూరు బడిల ఐదు దాకా.
మరాఠీ అక్షరాలు ఆయన కంటికి
తీగ మీద ఆరేసిన బట్టలు.
నేను సిరోంచ బడిల చదివిన.
నోటికి తెలుగు, చేతికి మరాఠీ.
మా అమ్మ పేరు తెలుగుల రాయమంటే రాదు.
ఆ అక్షరాలు నాకు
పళ్ళెంల పోసిన సకినాలు,
ఏది ఎక్కడ మొదలైందో తెల్వది.

లగ్గమైన కాడికెల్లి ఇదే మా ఒప్పందం:
ప్రాణహిత ఈ ఒడ్డున నేను చదువుత,
ఆ ఒడ్డున ఆయన.
రేషన్ కార్డు, కరెంటు బిల్లు,
పురుగుమందు సీసా మీది తారీఖు నావి.
మంచిర్యాల బస్సు బోర్డులు, వాళ్ళన్న పంపే పత్రికలు ఆయనవి.
ఒక్కసారి తప్పు చదివిన. కావాలనే.
సొసైటీ నోటీసు వచ్చిన ఏడు
కట్టాల్సింది సగమే అని చదివిన.
మిగిలిన సగం నా కమ్మలు కట్టినయి.
రేవుల పడిపోయినయన్న.
నమ్మిండు. రెండు రోజులు నీళ్ళల్ల దేవులాడిండు గూడ.

రేపనపల్లి కాడ చాయ తాగినం.
కమలాపూర్ల ఏనుగుల్ని చూద్దామంటే
"వాటికీ ఇయ్యాల సెలవే" అన్నడు గేటుకాడి పిలగాడు,
గోండుల ఒకమాట, తెలుగుల ఒకమాట కలిపి.
వెదురు వెనక ఏదో కొమ్మ విరిగిన చప్పుడైంది.
అదే ఏనుగు అన్నడు ఓదెలు.
గాలి అన్న నేను.
అంత దూరం వచ్చి ఒక చప్పుడు మీద
చానాసేపు కొట్లాడినం.
మనసుకు మంచిగనిపించింది.

మర్లి వస్తుంటే, టేకుచెట్ల నీడల
ఒక రాయి ఉత్తది కనవడ్డది.
సున్నం ఏసిండ్రు, రాసుడు మరిచిండ్రు.
"ఏం రాసుంది?"
"ఏం లేదు."
బండి ఆపిండు. దిగిండు. చుట్టూ తిరిగి చూసిండు,
నేను ఏదో దాస్తున్నట్టు.
"గిది ఇద్దరికీ రాదు" అని నవ్వి,
సీటు సందుల చెయ్యివెట్టి
ఆ సగం పెన్సిలు తీసిండు.
పంటితోని ముక్కు చెక్కి
మోకాళ్ళ మీద కూసోని రాసిండు,
నాలుక బయటవెట్టి, రెండో తరగతి పోరని లెక్క.

మూడు అక్షరాలు.
నడిమిట్ల దాని కింద ఇంకోటి చిన్నది
వేలాడుతున్నది.
నా చెయ్యి నాకు తెల్వకుంటనే చెవికి పోయింది.
"ఏం రాసినవ్?"
"ఆ ఒడ్డుకు పోయినంక అడుగు."

లారీ ఒకటి పోయింది, ఎర్రదుమ్ము లేపుకుంట.
రాయి కనవడలె కొంచెంసేపు.
ఓదెలు అద్దం తుడిచిండు,
వెనకకెల్లి ఆ ఒంటి చెప్పు దొర్లుకుంట వచ్చి
నా కాలికి తాకింది.
ఏ పిల్లదో. సోమవారం అడగాలె.