తోలు చెప్పిన లెక్క

దాలినాయుడు ఎన్నేళ్లు వాయించేడని అడిగితే
సంవత్సరాలు చెప్పలేను నాను.
మూతలు చెప్తాను.

మొదటిది, మూడు లాంతర్ల దగ్గర మా నాన్న కొట్లో.
నిక్కరేసుకుని నిలబడ్డ గుంటడు
"ఎడంతలకి రవ్వ ఎంత తడపాలండీ?" అన్నాడు.
చేతిలో రూపాయిన్నర. చాలదు.
మా నాన్న సరేలెమ్మన్నాడు.

ముఖలింగం మాస్టారి దగ్గర పదకొండేళ్లు.
ఉంగరం వేలు ఆనే చోట
కరణ అరిగి నెలవంకలా మిగిలేది.
నెల్లిమర్ల మిల్లులో వాళ్లయ్య నడిపే మగ్గం
ఐదు కొట్టి ఆరోది మింగేసేది.
ఆ మింగుడు ఈడి ఆదితాళంలో దూరిపోయేది.
మాస్టారికి కోపం.
నాకు నవ్వు.

తరవాత హౌరా మెయిలు.
కలకత్తాలో హోటలు, రాత్రి బ్యాండు, జాజ్ అట.
"కాళ్లకీ పని దొరికిందిరా గౌరయ్యా" అని కార్డు ముక్క.

రెండేళ్లకి వచ్చి ఒక మూత చూపించేడు.
ప్లాస్టిక్కుది.
వాసన చూసేను, ఏటీ లేదు.
ముసురు పట్టినా దిగదంట, ఎండ కాసినా ఎక్కదంట.
"మరి నాకు కూడెలాగ?" అన్నాను.
మాటాడలేదు.
తీగల చీపురు లాంటిదొకటి తీసి
మెల్లగా రాసేడు దాని మీద.
చంపావతిలో ఇసక మీద నీరు జరిగినట్టు.
చేతిలో ఉలి చేతిలోనే ఉండిపోయింది.

సభలోళ్లు "హోటల్ గాడు" అన్నారు.
హోటల్లో "పంతులు" అని పిలిచీవారట.

యాభై దాటేక నోటుబుక్కుతో దిగేడు.
సగం తకధిమిలు, సగం గీతల మీద నల్ల గుడ్లు.
మృదంగం, డ్రమ్సు, పోలీసు బ్యాండులో రిటైరైన క్లారినెట్టు,
ఎనిమిదిమంది తప్పెటగుళ్లోళ్లు.
"గుండెకి కట్టుకున్నోళ్ల పక్కన
ఒళ్లో పెట్టుకున్నోడు ఎలా నిలబడాలో
అదే ఇందులో రాసేను" అన్నాడు.

మూసేసిన మిల్లు షెడ్డులో వాయించేరు.
ముందు బెంచీల మీద పాత కార్మికులు,
జాజూ తెలీదు, జతులూ తెలీవు.
చివర్లో ఐదు కొట్టి ఆగేడు.
ఆరోది ఖాళీ.
మళ్లీ ఐదు, మళ్లీ ఖాళీ.
మూడోసారికి
ఆ ఖాళీలో నలభై మడమలు నేలని తాకేయి.
ఎవరూ చెప్పలేదు వాళ్లకి.
దాలినాయుడు తల ఎత్తలేదు.

ఇప్పుడు సాయంత్రాలు కొట్లో కూచుంటాడు.
కుడి చెయ్యి వణుకుతోంది.
"ఏ తాళం రా అది?" అన్నాను, ఊరికే.
"లెక్క అందడం లేదు. చూస్తున్నాను" అన్నాడు.

రవ్వ తడిపి ఆ చేతిలో పెట్టేను.
పిసికి, ఇంకాసిన్ని నీళ్లు పొయ్యమన్నాడు.