అట్ట కొట్టినోడు

పాటూరులో మగ్గం చప్పుడు వినని గోడ లేదు.
మా గోడకు ఇంకో చప్పుడు కూడా తెలుసు:
ఇనప దిమ్మె మీద సుత్తి,
టక్కు, టక్కు, కాస్త ఆగి, టక్కు.
పెంచలయ్య మామ అట్టలు కొడుతున్నాడు.

చీర అంచులో హంస కావాలంటే
ముందు హంసను గళ్ల కాగితం మీద ముక్కలు చెయ్యాలి.
గడి నిండితే బెజ్జం, ఖాళీ అయితే లేదు.
బెజ్జం ఉన్నచోట కొక్కెం లేస్తుంది,
లేనిచోట పోగు పడుకునే ఉంటుంది.
"ఉండాదా, లేదా.
దీనికి ఈ రెండు మాటలే వచ్చు," అనేవాడు మామ,
సంతకం కూడా రాని మామ.

నాలుగు వందల అట్టలు దారంతో కుట్టి
జకార్డు పెట్టెకు తగిలిస్తే
తొక్కుకో అట్ట తిరిగి
తోక నుంచి ముక్కు దాకా హంస పుట్టేది.
ఒకసారి రెండొందల పదకొండో అట్టలో
ఒక్క బెజ్జం ఎక్కువ పడి
అంచు పొడుగునా ప్రతి హంసకూ కన్ను మూసుకుపోయింది.
ఆరు గజాల గుడ్డి హంసలు.
మామ ఎవర్నీ తిట్టలేదు.
అన్నం మెతుకు నలిపి, చిత్తుకాగితం ముక్క
ఆ బెజ్జానికి అతికించి
ఆరిందాకా బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు.

తొంభై మూడులో నేను నెల్లూరు పోయి
ట్రంకు రోడ్డులో ఒక మేడ మీద కంప్యూటర్ కోర్సులో చేరా.
చెప్పులు బయట విడవాలి. లోపల చలి.
ఇలియాస్ సారు బోర్డు మీద చరిత్ర గీశాడు:
తీగకు గుచ్చిన పూసలు,
ఒకదాన్నొకటి కొరుక్కుంటూ కూడికలు చేసే పళ్ల చక్రాలు,
హాలు నిండా వెలిగి మాడిపోయే గాజు బుడ్లు,
చివర్న గోరంత ముక్క, ఇసుకలోంచి తీసింది.
చక్రాలకూ బుడ్లకూ మధ్య
ఒక పొడుగు గడి గీసి లోపల చుక్కలు పెట్టాడు.
నాకు నవ్వాగలేదు.
"ఏమ్మా?"
"అవి మా అటక మీద మూడు గోతాలుండాయి సార్.
ఎలకలు కొడతావుండాయి."
క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు.
సుద్దముక్క కింద పెట్టి, ఏ ఊరని అడిగాడు.

ఆదివారం పెన్న వంతెన దాటి బస్సులో వచ్చాడు.
గోతం మూతి విప్పి, ఒక అట్టను
కిటికీకి అడ్డంపెట్టి చాలాసేపు చూశాడు.
ఆయన తెల్లచొక్కా నిండా వెలుగు చుక్కలు.
మామ మజ్జిగ గ్లాసు అందించి
"కొనేదానికొచ్చాడా?" అని నా చెవిలో అడిగాడు.

మరుసటేడు కరెంటు బిల్లు వచ్చింది,
రెండు బల్బులకు నలభై ఎనిమిది వేలు.
కోవూరు ఆఫీసులో గుమాస్తా చేతులెత్తేశాడు:
"కంప్యూటర్ ఇచ్చిందయ్యా. మాదేముంది."
దేవుడి పేరు చెప్పినట్టు చెప్పాడేమో
వరసలో జనం తలలూపారు.
మామ మాత్రం కదల్లేదు.
"మిషను తప్పు చెయ్యదు నాయనా.
అట్ట కొట్టినోడు చేసుంటాడు. వాణ్ణి పిలువు."
"అట్టలేందయ్యా?"
"ఉంటాయి. ఎతుకు."

ఇప్పుడు హంసలు తెరమీదే ఈదుతున్నాయి.
సుత్తి తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పనికొస్తోంది.
అట్టల్లో కొన్ని కుండలకు మూతలయ్యాయి.
గ్రహణం రోజు పిల్లలు ఒకటి ఎండకు పట్టుకుంటే
నేలమీద వరసలు వరసలుగా
కొరికిన సూర్యుళ్లు.

మొన్న నా ఫోను మామ చేతిలో పెట్టా.
కళ్లు మూసుకుని, అట్ట చదివినట్టు
అద్దం మీద వేళ్లు జరిపాడు.
"నున్నగుండాదే. బెజ్జాలు యాడ?"
"ఉండాయి మామా. కోట్లు. కంటికి ఆనవు."
మాట్లాడలేదు.
అద్దం మీద ఒకచోట
బొటనవేలు అదిమి అలాగే ఉంచాడు.
"ఒకటి తప్పు పడితే?"