వదులు

అసహికావాలో, ఫిబ్రవరిలో,
రేకు కప్పుల మీద మంచు మూరెడు పేరుకున్న రాత్రి
ఒగినుమ రామెన్ కొట్టులో
నేను చేసిన బల్ల
ఠప్పున పగిలింది.

నేనక్కడ లేను.
చప్పుడు విన్నది ఒగినుమ ఒక్కడే.
ఎవరో తుపాకీ పేల్చారనుకుని
చేతిలో గరిటెతోనే బయటికి పరిగెత్తాడట.
వీధిలో మంచు తప్ప మనిషి లేడు.

పొద్దున ఫోన్ చేశాడు. తిట్టలేదు.
"బీటలోంచి చారు
గిరాకీల ఒళ్ళో కారుతోందమ్మా,
ఒకాయన చాప్‌స్టిక్ ఇరుక్కుంది కూడా"
అన్నాడు, అంతే.

ఆగస్టులో బిగించాను దాన్ని.
ఆరు ఓక్ పలకలు అంచుకి అంచు అతికి
చిత్రిక పట్టి పట్టి అద్దం చేశాను.
కింది చట్రానికి పద్నాలుగు మరమేకులు,
అవి చాలవేమోనని జిగురు,
జిగురు చాలదేమోనని నా భుజాల బరువంతా.
మొదటి బల్ల కదా.
అడుగున అడ్డంగా, కాల్చిన ఊచతో
నజునా అని నా పేరు కూడా రాశాను.

కిహాచి గారు బల్లని తిరగేశారు.
బీట నా పేరు మీదుగానే పోయింది.
'న' ఒక ఒడ్డున, 'జునా' ఇంకో ఒడ్డున.
"గట్టిగానే కట్టేశావు" అన్నారు,
"అదేం చేస్తుంది పాపం, చిరిగింది."

మా కొట్టు గోడకి, పొయ్యికి దూరంగా,
ఒక పలక వేలాడుతుంటుంది,
నేను పుట్టకముందు నుంచీ.
దాని అంచున పెన్సిల్ గీతలు:
జనవరి, మే, ఆగస్టు, మళ్ళీ జనవరి.
గాలిలో తేమ తాగి ఒళ్ళు చేస్తుంది,
పొయ్యిలు వెలిగాక చిక్కుతుంది.
నిడివిలో మాత్రం మొండి,
వెంట్రుకవాసి కదలదు.
అడ్డంగానే దాని రాకపోకలన్నీ.
ఎనభై సెంటీమీటర్ల వెడల్పుకి
ఎనిమిది మిల్లీమీటర్లు,
అంటే నా చిటికెన గోరు.

రెండేళ్ళుగా ఆ పలకకి
నేను నా ఏప్రాన్ తగిలిస్తున్నాను.

బీట వెంబడి కోసి మళ్ళీ అతికాం.
రంపం తిన్నంత మేర
నా పేరులో ఒక గీత పోయింది.
ఆయన చిన్న చిన్న చెక్కబిళ్ళలు కోశారు,
ఒక్కోదానికి ఒక కొసన నాలుక.
కొమ అంటాం మేం,
షోగీ ఆటలో పావులకీ అదే పేరు.
నాలుక చట్రం గాడిలోకి,
ఒంట్లోంచి ఒకే ఒక్క మరమేకు బల్లలోకి.
పైకి లేవబోతే పట్టుకుంటుంది,
పక్కకి పోతానంటే అడ్డు చెప్పదు.

"చలిలో బిగిస్తే నాలుక ముందు సందు వదులు.
ఆగస్టులో అయితే లోపలికంటా తొయ్యి,
అది ఎలాగూ వెనక్కి వస్తుంది.
నడిమధ్య ఒక్కచోట మాత్రం గట్టిగా పట్టు,
రెండు పక్కలకీ సమంగా పోనీ."

వదులుగా ఉంటే ఊగదా అన్నాను.
జవాబు చెప్పలేదు.
డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి
బల్ల మీదికెక్కి కూర్చుని
కాళ్ళాడిస్తూ
కప్పు టీ పూర్తిగా తాగారు.

మొన్న ఆగస్టులో ఒగినుమ కొట్టుకి వెళ్ళాను.
చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్క.
రామెన్ చెప్పి, బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి
గోరుతో వెతికాను.
ఫిబ్రవరిలో వదిలిన సందు
కాగితం పట్టేంత మిగిలింది.

"ఏం పోగొట్టుకున్నావు?" అన్నాడు ఒగినుమ.
"బల్ల ఎందాకా వచ్చిందో చూస్తున్నా" అన్నాను.
గరిటె పట్టుకుని వంగి
నాలుగు కాళ్ళూ, కింద నేలా
ఒక్కొక్కటే పరీక్షగా చూశాడు.

"ఎక్కడికీ పోలేదే,
ఇక్కడే ఉంది."