కాబట్టి

బొమ్మనహళ్ళి సిగ్నల్ దాటాక మూడో అంతస్తు.
కింద టైర్ల కొట్టు, పైన మేము.
రాత్రి పదకొండుకి చెవులు అద్దెకిస్తాం.
అమెరికా ఓటర్ల మాటలు వస్తాయి
ముక్కలు ముక్కలుగా, పేర్లు తీసేసి, నంబర్లు తగిలించి.
విన్నది విన్నట్టు టైపు చేసి
పక్క గడిలో ఒక అంకె వెయ్యాలి:
పన్నులకి పద్నాలుగు, సరిహద్దుకి ఇరవై రెండు,
దేవుడికి ముప్పై.
తెలీదు, చెప్పను అన్నవాళ్ళకి తొంభై తొమ్మిది.

మొదట్లో సులువనుకున్నాను.
గొంతు వినగానే ఇటో అటో తెలిసిపోతుందనుకున్నాను,
మా మదనపల్లె మార్కెట్లో టమాటా నొక్కి చూసినట్టు.

ఆ రాత్రి 4417 వచ్చాడు.
ఒహాయోలో ఎక్కడో, డెబ్బై దాటిన గొంతు.
వెనకాల కుక్క. దాన్ని కసురుతూనే జవాబులు.
చదువు అప్పుల మాఫీ గురించి అడిగారు.
"లారీ మీద అప్పు తెచ్చాను. పదకొండేళ్ళు కట్టాను.
ఒక్క నెల తప్పలేదు.
కాబట్టి వాళ్ళూ కట్టాలి."

టీ తాగొచ్చి తర్వాతది తెరిస్తే 4418.
ఆరిగన్ నర్సు. డ్యూటీ దిగి కార్లోనే కూర్చుని మాట్లాడుతోంది,
సీటు బెల్టు గంట కొట్టుకుంటోంది.
"నర్సింగ్ చదువుకి అప్పు చేశాను. పన్నెండేళ్ళు కట్టాను.
పన్ను పుచ్చిపోయినా డాక్టరు దగ్గరికి పోలేదు.
కాబట్టి ఇంకెవరూ కట్టకూడదు."

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.
అదే అప్పు. ఏళ్ళు కూడా ఇంచుమించు అవే.
ఒక్క కాబట్టి దగ్గర
దారి రెండుగా చీలిపోయింది.
నా గడుల్లో దానికి అంకె లేదు.

పక్క సీటు జెసింతని అడిగాను.
"ఇద్దరికీ పద్నాలుగు వేసెయ్,
పొద్దున్నకి రెండొందలు అవ్వాలి."

ఫెయిర్ అన్న మాట ఇద్దరూ వాడారు, లెక్కపెట్టాను,
ఆయన ఆరుసార్లు, ఆమె ఐదు.
మా అవ్వ దగ్గర అలాంటి మాట ఒకటుండేది: ధర్మం.
గట్టు జరిపినవాణ్ణి ధర్మం తప్పినావు అని తిట్టేది.
గిన్నె పట్టుకొచ్చినవాళ్ళకి ధర్మం చేసేది.
గట్టుకీ గిన్నెకీ ఒకే మాట ఎట్లా సరిపోయిందో
అప్పుడు అడగలేదు.

4417 ఇంకా అయిపోలేదు.
"మీకెవరైనా సాయం చేశారా?"
కుక్క కూడా మొరగలేదు. ఏడు సెకన్లు.
నిశ్శబ్దాన్నీ టైపు చెయ్యాలి, అది రూలు.
"ఎనభై మూడులో రెండు వాయిదాలు మా బావమరిది కట్టాడు.
అది వేరు. అతను ఇంటి మనిషి."

నర్సునీ అడిగారు: జూదానికి అప్పు చేసినవాడికో?
నవ్వింది. "వాడికా? వద్దు.
అలాంటివాడితో తొమ్మిదేళ్ళు కాపురం చేశాను."

ఇంటి మనిషి ఎక్కడిదాకా అన్నది
ప్రశ్నల కాగితంలో లేదు.

తెల్లవారి ఐదున్నరకి క్యాబు దిగితే
మా సందులో ట్యాంకరు. బోరు ఎండి పదహారో రోజు.
బిందెలు, డ్రమ్ములు, పెయింటు బక్కెట్లు.
ముప్పావుగంట నిలబడ్డాను. నా ముందు ఒక్కరే మిగిలారు.
అప్పుడొచ్చింది, రాయచూరు నుంచి కూలికొచ్చిన ఈరమ్మ.
చంకలో పిల్ల, రాత్రంతా విరేచనాలట,
చేతిలో ఒకే ఒక్క నూనె డబ్బా.
ఎవరినీ ఏమీ అడగలేదు. నా బిందె పక్కన నిలబడింది, అంతే.

నాకొచ్చిన కన్నడంలో మొదలుపెట్టాను:
రాత్రంతా పనిచేసి వచ్చాను,
ముప్పావుగంట నుంచి ఇక్కడే ఉన్నాను,
కాబట్టి

ఆ మాటకి కన్నడం గుర్తురాలేదు.
ఆగిపోయింది అందుకే అనుకుందాం.

నీళ్ళ చప్పుడు.
మనసులో లెక్కపెట్టుకుంటున్నాను, అలవాటు.
ఐదు, ఆరు.
ముందున్నామె తన డ్రమ్ము దొర్లించుకుంటూ పోయింది.
ట్యాంకరబ్బాయి పైపు తెచ్చి
నా చేతికిచ్చాడు.