గేటు వేసి ఉంది

మూడు మీటర్ల ఇరవై, రెండు మీటర్ల నలభై.
ఫోల్క్‌మార్ మడతమంచాన్ని నేలమాళిగలోకి దించాడు.
చెర్రీ సీసాలు వంటింటికి,
స్కీ కర్రలు అటక మీదికి.
మిగిలింది ఒక కిటికీ, దాని కింద రేడియేటర్,
లోపలికే తెరుచుకునే మొండి తలుపు.

నేల మీద చుట్టకాగితం పరిచి కూచున్నాను.
మోకాళ్ళు కాసేపు బేరమాడాయి.

నూట ఇరవైకి ఒకటి.
ఇక్కడ తురింగియాలో మా ఈడు వాళ్ళ
చేతులకు బాగా అలవాటైన కొలత.
అరచేతిలో ఇమిడే ఇంజను,
బియ్యపుగింజంత కిటికీలు.
పిట్ట కొంచెమే. కూత సంగతి తర్వాత చూద్దాం.

మరిది లోథార్ వృత్తలేఖినితో వచ్చాడు, పిలవకుండానే.
వంపు ముప్పయ్యొక్క సెంటీమీటర్లకు తగ్గితే
బండి పట్టా తప్పుతుందన్నాడు.
అది నిజమే. రాసుకున్నాను.
తర్వాత ఎల్లర్‌బాఖ్ స్టేషను నుంచి నా గేటు దాకా
ఉన్న మూడు కిలోమీటర్లూ లెక్క కట్టాను.
ఇరవై అయిదు మీటర్లు!
అంటే గోడ తొలుచుకుని,
త్సిమర్ గారి ఉల్లిమడి మీదుగా
రొట్టెల కొట్టు మెట్ల దాకా.

"రెండు చివర్లా రెండు స్టేషన్లు పెట్టు వదినా,
మధ్యది నరికెయ్. అందరూ చేసేది అదే."

మధ్యదే నేను.

ముప్పయ్యొక్క ఏళ్ళు, ఒక గది, ఒక బొగ్గు పొయ్యి,
చేతితో తిప్పే చక్రం, ఎరుపూ తెలుపూ రెండు అడ్డకర్రలు.
ఎల్లర్‌బాఖ్ అంటే నాకు రెండు గంటల మోత.
నీడర్‌గ్రుండ్ అంటే టెలిఫోనులో దగ్గు.
ఆ దగ్గుకి ముఖం ఉందని తెలిసింది
డీట్‌హెల్మ్ పదవీ విరమణ నాడు కేకు కోస్తుంటే.
(చెవులు పెద్దవి. ఎందుకో ఊహించలేదు.)
రైళ్ళు నాకు ఎక్కడి నుంచో వచ్చేవి,
ఎక్కడికో పోయేవి.
నా ముందు నాలుగు క్షణాలు మాత్రం ఉండేవి.

అందుకే స్టేషన్లు రెండూ కొట్టేశాను.
అల్మారా వెనక చీకట్లో పట్టా వంపు తిరుగుతుంది,
బండ్లు అక్కడే తమ వంతుకు కాచుకుంటాయి.
వెలుతుర్లో ఉండేది గది, గేటు,
గోడకు ఆనించిన నా సైకిలు,
కాపు తక్కువైన ఆపిల్ చెట్టు,
ఆగిన పాల బండి, అందులో తిట్టుకుంటున్న డ్రైవరు.
తిట్లని ఏ కొలతకు కుదించాలో
లోథార్ కూడా చెప్పలేకపోయాడు.

"ఏ సంవత్సరం? ఏ రోజు?
అది తేల్చకపోతే పెట్టెలు కొనలేం."

డెబ్బై ఎనిమిది, నవంబరు,
ఏమీ జరగని ఒక మంగళవారం.

నవ్వాడు.
వాడికి తెలియదు,
ఏమీ జరగకుండా చూడటానికే
నాకు జీతమిచ్చేవారని.

ఇప్పుడు చిక్కంతా తలుపు దగ్గర.
ఎటు గీసినా గీత గుమ్మాన్ని దాటాల్సిందే.
కింద దూరి రావడానికి ఫోల్క్‌మార్ నడుము ఒప్పదు.
కీలు బిగించిన పలక ఒకటి,
ఎత్తితే మనిషికి దారి, దించితే బండికి.
గీత గీసి, కొలత వేసి, పక్కన నా పేరు రాశాను,
ఇర్మ్‌ట్రౌట్, ఎత్తేదీ దించేదీ.

ఇంకా ఒక్క మేకు కొట్టలేదు.
ఉన్నది కాగితం మీద పెన్సిలు గీతే.

అయినా నాలుగింటికి కాఫీ పళ్ళెంతో వచ్చిన ఫోల్క్‌మార్
గుమ్మంలో ఆ గీత ముందు ఆగాడు.
చెప్పుల కొసలు వెనక్కి లాక్కున్నాడు.
"దాటొచ్చా?"

గోడ గడియారం చూశాను, అలవాటుగా.
కిటికీ వైపు తల తిప్పి విన్నాను, అలవాటుగా.

"ఇంకో రెండు నిమిషాలు," అన్నాను.

కప్పుల మీద ఆవిరి సన్నబడుతోంది.
మారుమాట లేకుండా నిలబడ్డాడు,
పాల బండి డ్రైవరు కంటే
చాలా మేలు.